ఫ్రిజ్‌లోంచి తీసేసిన ఇంజెక్షన్లు

నాకు ముప్పై రెండేళ్లప్పుడు, మిగిలిన ఒక్క అండాశయంలోనూ గడ్డ తేలింది. రెండోదాన్ని ఏడేళ్ల కిందటే తీసేశారు. హైదరాబాదులో డాక్టరమ్మ స్కాన్ కాగితం పక్కన పెట్టి, "ఆపరేషన్ తప్పదు. అండాశయం ఎంత మిగులుతుందో చెప్పలేను. పిల్లలు కావాలనుకుంటే ముందే అండాలు తీసి ఫ్రీజ్ చేయించుకోండి," అంది. పెళ్లి కాలేదన్నాను. కాకపోయినా చేయించుకోవచ్చంది.

అప్పటికి నేను ఝరాసంగం దగ్గర ఒక ఊళ్లో టీచర్ని. జహీరాబాద్‌లో అన్న, వదిన, అమ్మతో కలిసి ఉండేదాన్ని. అమ్మకొక్కదానికే చెప్పాను. తెల్లారేసరికి అన్నకు తెలిసిపోయింది.

చాయ్ తాగుతూ, నా మొహం చూడకుండా అడిగాడు. "పెండ్లిగాని పిల్లకు గవన్నీ ఎందుకే? రేపు సంబంధమొస్తే ఏమని చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

"ఇజ్జత్ పోతది. ఆపరేషన్ చేయించుకొని సప్పుడుజేయకుండ ఉండు."

వదిన పిండి కలుపుతూ నవ్వింది. "ఆలుగడ్డలు కోల్డ్ స్టోరేజ్‌ల పెట్టుడు చూసిన. గిప్పుడు ఆడోళ్ల గుడ్లు గూడ పెడ్తున్నరా?"

అన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. వాళ్లను ఊరుకోమని కూడా అనలేదు.

నేను ఎవరి అనుమతీ అడగలేదు. నా జీతం, నా ఒళ్లు. అండాలు ఎదగడానికి పది పన్నెండు రోజులు, రోజూ సాయంత్రం ఒకే వేళకు పొట్టకు ఇంజెక్షన్ చేసుకోవాలి. అవి చల్లగా ఉండాలి. ఐసు ముక్కల మధ్య థర్మోకోల్ పెట్టెలో తెచ్చి, మా ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల వెనక పెట్టాను. మొదటి నాలుగు రోజులూ స్నానాల గదిలో తలుపేసుకుని నేనే పొడుచుకున్నాను. బయట వదిన ఫోన్లో తన అక్కకు ఆ ముచ్చటే చెప్పుకునేది, నాకు వినపడేంత గట్టిగా.

ఐదో రోజు బడి నుంచి వచ్చేసరికి నా డబ్బా ఫ్రిజ్‌లో లేదు. పడమటి కిటికీ గట్టు మీద, నిండు ఎండలో ఉంది. ముట్టుకుంటే కాలింది.

"వదినా, ఇది ఎవరు తీసిన్రు?"

"నేనే తీసిన. పెరుగు గిన్నెకు జాగ లేకుండె."

"చల్లగుండాలని చెప్పిన గద."

"యాదికి లేదు," అంది. నా కళ్లలోకి చూస్తూ అంది. ఆమెకు గుర్తుందని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, అవి పారేసి వెంటనే కొత్తవి తెచ్చుకోమంది. జహీరాబాద్ మందుల షాపుల్లో దొరకలేదు. మా బడిలోనే పనిచేసే ఇంకో టీచర్ వాళ్లమ్మ రిటైరైన నర్సు, ఆమె దగ్గరికి వెళ్లాను. సంగారెడ్డిలో తనకు తెలిసినవాళ్ల ద్వారా వెతికించి, ఆరోజుకు సరిపడా ఇంజెక్షన్ బస్సులో తెప్పించింది. వేళ దాటి గంటన్నర అయింది. ఆమే పొడిచింది. "ఇయ్యాల్టి సంది మా ఇంట్లనే ఉండు బిడ్డా," అంది. రెండు జతల బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్లాను. అన్న గుమ్మంలో నిలబడ్డాడు. "పోతే మళ్ల రాకు," అన్నాడు. సరే అన్నాను.

అండాలు తీసే రోజు అమ్మ బస్టాండుకు వచ్చింది. నేను పిలవలేదు. హైదరాబాదు దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. దిగేముందు మాత్రం, "నాకు ఇది నచ్చలే. మత్తుమందు ఇచ్చినంక ఒక్కదానివి యాడ పడిపోతవో అని వచ్చిన, అంతే," అంది. ఆసుపత్రిలో తోడు వచ్చినవారి సంతకం అడిగితే, పేరు కూడబలుక్కుని రాసింది. నేను థాంక్స్ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

ఐదు అండాలు దొరికాయి. ఆ తర్వాతి నెలలో ఆపరేషన్ చేసి, మిగిలిన అండాశయాన్ని కూడా తీసేయాల్సి వచ్చింది. ఐదింటిలో ఒక్కటైనా బిడ్డవుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నాకు వేరే గది ఉంది. అన్నతో మాట్లాడను. బంధువుల పెళ్లిలో ఎదురుపడితే అతను పక్కకు తిరుగుతాడు, నేను తిరగను.

పోయిన ఏడు వదిన నా గదికి వచ్చింది. ఆమె చెల్లెలికి రొమ్ములో క్యాన్సర్. కీమో మొదలుపెట్టేముందు అండాలు దాచుకుంటే మంచిదని చెప్పారట. పిల్లకింకా పెళ్లి కాలేదు.

"జర ఆ డాక్టర్ నంబర్ ఇయ్యి. ఎవ్వరికీ చెప్పకు," అంది.

నేను కూర్చోమనలేదు. మంచినీళ్లు కావాలా అని అడగలేదు. నంబర్ కాగితం మీద రాసి ఇచ్చాను. కింద, ఇంజెక్షన్లు ఎట్లా దాచాలో కూడా రాశాను.

"ఇది నీ చెల్లె కోసం," అన్నాను. "నీ కోసం కాదు."

ఆమె కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. క్షమించమని అడగలేదు. అడిగినా నేను క్షమించేదాన్ని కాదు.