నూలు చుట్టిన డబుల్ స్పీడు

ఆ రోజుల్లో నా తెలివివల్ల పాడైనవి లెక్క వేస్తే రబ్బరు బెల్టులు రెండు, మోటారు ఒకటి, మా మామ నాతో మాట్లాడని రోజులు పందొమ్మిది. ఇప్పుడు మా అబ్బాయి కంప్యూటర్లో మీట నొక్కితే గంటసేపటి పాటల కాపీ అర నిమిషంలో తయారవుతుంది. అలాంటి ఆలోచన నాకు ఎనభైల్లోనే వచ్చిందంటే వాడు నవ్వుతాడు. వాడికంటే ముందు నేనే నవ్వుకోవాలి.

ఆదోనిలో మా మామ ఇంటి ముందుగదిలో రెండు టేప్ రికార్డర్లు పెట్టుకుని జనానికి పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. గంట క్యాసెట్టుకు గంట పట్టేది. ఆ గంటంతా ఆయన కదలకుండా వినేవాడు (నా దృష్టిలో అంతకు మించిన సోమరితనం లేదు). నేను తొందరపెడితే, "టేపుకి తొందర లేదురా, నీకే తొందర" అనేవాడు. లెక్కలు రానివాళ్లు ఇలాగే మాట్లాడతారని జాలిపడేవాడిని.

ఒకరోజు మామ ఆలూరు పోయినప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం తాత వచ్చాడు. భజనల్లో ముందుండి పాడిన మనిషి. జబ్బు చేసి గొంతు పోయింది, గుసగుస మాత్రం మిగిలింది. ఆయన పాటలన్నీ ఒకే క్యాసెట్టులో ఉన్నాయి. చివరి పాట కొత్తగా కట్టుకున్నది, ఎవరికీ నేర్పలేదట. భజన పిల్లలు నేర్చుకోవాలని ఐదు కాపీలు అడిగాడు. ఐదు గంటల పని. నేను రెండున్నరలో ముగిస్తానన్నాను (మిగిలిన రెండున్నర గంటలు ఏం చేసుకోవాలో మాత్రం లెక్క వేయలేదు).

మోటారు మీది చిన్న చక్రం లావైతే టేపు వేగం పెరుగుతుంది. తాత క్యాసెట్టుకు కట్టి తెచ్చిన నూలునే స్కేలుతో కొలిచి కొలిచి రెండు మోటార్లకూ చుట్టాను. డబుల్ స్పీడులో పాట ఎలుక కూతలా ఉంటుంది కనుక శబ్దం పూర్తిగా తగ్గించేశాను. మొదటి వైపు ఐదూ అయ్యాయి. రెండో వైపు మొదటి కాపీ నడుస్తుండగా, అసలు క్యాసెట్టులో ఆ కొత్త పాట ఉన్న చివరి పదకొండు నిమిషాల టేపు లోపల చిక్కుకుని, నలిగి, తునకలై వచ్చింది.

మర్నాడు తాత వచ్చాడు. ఒక రికార్డరుకు నూలు విప్పి, అయిన కాపీల్లో ఒకటి పెట్టాను. రికార్డయ్యే వైపు నూలు వదులై టేపు నెమ్మదించినట్టుంది, పోనుపోను పాట వేగం పెరిగి తాత గొంతు సన్నబడి, చిన్నపిల్లవాడిదైంది. ఆయన శ్రద్ధగా విని, "ఎవురి పిల్లోడప్పా, బాగా పాడతాండాడు" అన్నాడు.

అప్పటికి తిరిగొచ్చిన మామ రికార్డర్లు రెండూ ముందుకు లాక్కున్నాడు. మిగిలిన నూలు విప్పి, పాడైన మోటారు మార్చి, ఆ తునకల వెనకవైపు పోయిన మొదటి పాటలను నూలు బిగువుగా ఉన్నప్పటి నా కాపీ నుంచి తీసుకుని, మిగిలిన నలభై తొమ్మిది నిమిషాలనూ ఐదుసార్లు మామూలు వేగంలో ఎక్కించాడు. రెండువందల నలభై ఐదు నిమిషాలు నన్ను పక్కన కూర్చోబెట్టి వినిపించాడు. పాటలు బాగున్నాయి. అది మరీ అవమానం.

పోయిన పాట సంగతి చెప్పాను. తాత కోప్పడలేదు. నా వైపు జరిగాడు.

"మాటలు నాకి ఉండాయి. వరస పలకనీకి గొంతే లేదు. ఎక్కించేటోళ్లు ఇనకుండా ఎక్కించరు కదా నాయనా. మాటలు నేను సెప్తా, వరస నువ్వు అను."

మామ నా ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగాడు. నేను ఆ పాట ఒక్క ముక్క కూడా వినలేదు. మాటలు మాత్రం రాసుకున్నాను. వరస గుర్తొస్తే ఎమ్మిగనూరు వచ్చి పాడతానన్నాను. తాత నమ్మి వెళ్లాడు.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి రాగం అందుకోబోతాను. రెండో చరణానికల్లా అది పదమూడో ఎక్కం చదివే వరసలోకి జారిపోతుంది, నాకే నవ్వొస్తుంది. తాత పోయి చాలా ఏళ్లయింది. బాకీ మాత్రం ఈ రోజుకీ పదకొండు నిమిషాలే.