వడకట్టని నీళ్లు

సురంగల్ దగ్గరి ఒక కుంటను మూడేళ్లుగా మోస్తున్నాను. ఆ కుంట ఇప్పుడు లేదు. బరువు మాత్రం ఉంది. మీకూ చెప్పాలి.

కుంటల్లో అరుదైన కప్పలు ఉన్నాయో లేదో నీటిని పరీక్షించి చెప్పడం మా బృందం పని. కప్ప కంటపడక్కర్లేదు. దాని చర్మం నుంచి, జిగురు నుంచి నీటిలో డీఎన్ఏ కలుస్తుంది. ఆ నీటిని పెద్ద సిరంజితో సన్నని ఫిల్టర్ గుండా తోసి, ఫిల్టర్‌ను ల్యాబ్‌కు పంపుతాం. నియమాలు నాకు కంఠతా వచ్చు. కొత్త గ్లోవ్స్. నాలుగు వైపుల నుంచీ నీళ్లు. మొత్తం ఒక లీటరు, తక్కువైతే కప్ప ఉన్నా తెలియకపోవచ్చు. ఫిల్టర్ మూసుకుపోతే కొత్తది పెట్టి మిగతా నీళ్లు తోయాలి.

ఆ భూమిని ప్లాట్ల కోసం కొన్నవాళ్లు, కప్ప ఉందని తేలితే కుంటను పూడ్చబోమని ఊరివాళ్లకు మాటిచ్చారు. మా రిపోర్టే ఆఖరి మాట.

నేను వెళ్లేసరికి ఆ ఊరి ఎస్తేరమ్మ బర్రెలు అప్పుడే కుంటలోంచి లేచాయి. నా చేతిలో సిరంజి చూసి ఆమె నవ్వింది.

"ఏం బిడ్డా, కుంటకు సూదేస్తున్నవా?"

"సూది కాదవ్వా. కప్ప ఉన్నదో లేదో చూస్తున్న."

"ఉంటే కుంట ఉంచుతరంట గద?"

"ఉంచుతరవ్వా."

"అయితే మంచిగ చూడు. నా బర్రెలకు గీ నీళ్లే దిక్కు."

చూస్తానన్నాను. నీళ్లు బురద బురదగా ఉన్నాయి. టీ గ్లాసెడు నీళ్లకే ఫిల్టర్ మూసుకుపోయింది. సంచిలో ఇంకా ఫిల్టర్లున్నాయి. సిరంజి నొక్కి నొక్కి బొటనవేలు నొప్పిగా ఉంది, మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు అందుకోవాలి. ఆ బస్సు పోతే ఇంకోటి వస్తుందని నాకు అప్పుడూ తెలుసు. అయినా మిగతా నీళ్లను తిరిగి కుంటలో పోశాను. లేబుల్ మీద 'ఒక లీటరు' అని రాశాను.

"బొట్టు సుత పారబొయ్యలే. మంచి పిల్లగానివి," అంది ఎస్తేరమ్మ.

కప్ప ఆనవాళ్లు లేవని ల్యాబ్ చెప్పింది. ఎండాకాలం రాకముందే కుంటను మొరం పోసి పూడ్చేశారు. ఆమె బర్రెలను అమ్ముకుంది.

అక్కడ కప్ప ఉండేదా? నాకు తెలియదు. ఉండకపోవచ్చు కదా అని ఎన్నోసార్లు నన్ను నేను ఓదార్చుకున్నాను, కానీ అది తెలుసుకోవడానికే నన్ను పంపారు, నేను 'తెలియదు' అన్నదాన్ని 'లేదు' అని మార్చి ఇచ్చాను. బద్ధకమా? అదొక్కటేనా? ఎవరూ చూడరన్న ధైర్యం కూడా. ఆమె చూస్తూనే ఉంది. చూసి మెచ్చుకుంది.

పోయిన వారం మా బృందం పెద్దకు చెప్పేశాను. నేను నీళ్లు తీసిన కుంటలన్నీ మళ్లీ పరీక్షించాలన్నారు. నన్ను కుంటల పని నుంచి తప్పించారు. తర్వాత సురంగల్ వెళ్లి ఎస్తేరమ్మ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. ఇప్పుడు చెబితే నీళ్లొస్తాయా అని అడిగింది. రావన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

క్షమించమని అడగలేదు. అడిగి ఆమె మీద ఇంకో బరువు పెట్టడం ఎందుకు? ప్లాట్ల పక్కనుంచే నడిచి బస్సెక్కాను. ఎప్పుడూ అక్కడ తల తిప్పుకునేవాణ్ణి. ఈసారి చూశాను. ఊపిరి మామూలుగా ఆడింది.

కప్ప లేదని ల్యాబ్ మిషన్ చెప్పలేదు. నేను చెప్పాను.