ఇంటిపేరు దగ్గర ఆగిన ప్రోగ్రాం

ఆ పెద్దమనిషి పేరు నేను అడగలేదు, అడగాలనీ అనిపించలేదు. నిడదవోలులో ప్యాసింజరెక్కి నా పక్కన కూర్చున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు సి లాంగ్వేజ్ చెబుతాడట. ఎదుటి సీటు మీదికి కాళ్లు చాపుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచి, పిల్లలు పంపిన ప్రోగ్రాములకు మార్కులు వేయసాగాడు.

ప్రింట్‌ఎఫ్ అనే ఆదేశం మన పేరు అడుగుతుంది, టైపు చేసినదాన్ని స్కాన్‌ఎఫ్ అనేది తీసుకుంటుంది, ఇంకో ప్రింట్‌ఎఫ్ దాన్ని తిరిగి చూపిస్తుంది. ఎవరైనా మొదట నేర్చుకునేది అదే. ఒకమ్మాయి తన పూర్తి పేరు టైపు చేస్తే తెర మీద ఇంటిపేరు ఒక్కటే వచ్చింది.

“అమ్మాయి పేరేదండి?” అన్నాను.

“మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదండి. మధ్యలో ఖాళీ రాగానే స్కాన్‌ఎఫ్ చదవడం ఆపేస్తుంది.”

“మరి సరిచేసుకోమని చెప్పరా?”

“ఎందుకండి? ఇంటిపేరు వచ్చేసింది కదా, వాళ్లు ఏమిట్లో తెలిసిపోయింది. మనకి అది చాలండి” అని నవ్వి, పూర్తి మార్కులు వేశాడు.

తెలియక చెప్పనివాణ్ణి క్షమించొచ్చు. ఈయనకు అన్నీ తెలుసు. పాఠం చెప్పడానికే బద్ధకం, కులం కనుక్కోవడానికి మాత్రం ఎక్కడలేని హుషారు.

“ఇంతకీ మీ పేరు చెప్పారు కాదండి” అన్నాడు.

“మాధవి.”

“దాని ముందు?”

కొవ్వూరు వచ్చేదాకా ఆయన, ఎవరైనా టైపు చేసేదాకా స్కాన్‌ఎఫ్ దగ్గర ఆగిపోయే తెరలాగా, నా వంక చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ టైపు చెయ్యలేదు.