ప్రశ్న మిగిలితే కదలని రైలు

పొగ చల్లగా తగిలింది. మొన్న అమలాపురం అవతల కొత్తగా పెట్టిన పార్కులో మనవరాలి పక్కన పిల్లల రైలెక్కి కూర్చుంటే, ముందున్న ఇంజను గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి నా మొహం మీద పడింది. వేడి లేదు, మసి లేదు, ఏదో అత్తరు వాసన. రైలు ఆగాక నడిపే అతన్ని అడిగాను.

"ఇది దేంతో మండుతుంది బాబూ?"

"మండదండి మామ్మగారూ. బ్యాటరీ అండి. పొగకి వేరే మిషనుందండి."

"బ్యాటరీకి పొగగొట్టం దేనికి?"

"గొట్టం లేకపోతే పిల్లలు రైలనుకోరండి," అని నవ్వాడు. మనవరాలు నా చెయ్యి లాగింది. "దిగు మామ్మా, వెనక జనం తిట్టుకుంటున్నారు."

తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకున్నాను. ఈ పిల్లలు బొగ్గు ఇంజను చూడలేదు, వాళ్ల అమ్మానాన్నలూ చూడలేదు. అయినా రైలు బొమ్మ గీయమంటే ముందు గొట్టమే గీస్తారు. ఎందుకో నాకు పూర్తిగా తెలియదు. నిజం ఇంజను లోపల ఏం జరుగుతుందో చూపించిన మనిషి మాత్రం నాకు ఒకాయన తెలుసు. సత్తిరాజు మేస్త్రిగారు. నేను ఆయన ఇంజనుకి మంట వేసిన మనిషిని.

అప్పటికి నాకు ముప్పై దాటాయి, అక్షరం ముక్క రాదు. ఆలమూరు దగ్గర బియ్యం మిల్లులో ధాన్యం ఉడకబెట్టే పొయ్యికి ఊక ఎగదోసేదాన్ని. పాత ఇనప సామాను కొనుక్కుందామని మేస్త్రిగారు అక్కడికి వచ్చారు. ఆయన వయసులో ఉన్నప్పుడు గోదావరి అవతల రైలింజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి, బొగ్గింజన్లు మూలపడ్డాక రాజోలు వైపు సొంత ఊరికి వచ్చేశారు. సామాను చూడటం మానేసి చాలాసేపు నన్నే చూస్తూ నిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"ఏటండీ అలా చూస్తన్నారు?"

"నిన్ను కాదమ్మా, మంటని. ఎక్కడా మసక లేకుండా వేస్తన్నావు. ఎవరు నేర్పేరు?"

"కూలి కోస్తారండి, మసకేస్తే."

ఆయన పగలబడి నవ్వారు. పై వారం నుంచి ఆయన కొబ్బరితోటలో నా పని మొదలైంది. మా కోనసీమకి రైలు లేదు. ఏరు దాటి పోతే తప్ప మావాళ్లు రైలు మొహం చూసేవారు కాదు. ఆ లోటు తీర్చాలని ఆయన తోట చుట్టూ చిన్న పట్టాలు పరిచి, మూడు పెట్టెలు చేసి, ముందు నిజం ఆవిరి ఇంజను కట్టారు. కొబ్బరి డొక్కలు, చిప్పలతో నడిచేది. ఆదివారం వస్తే జనం వచ్చి పడేవారు. పడవ తప్ప వేరే బండి ఎరగని ముసలమ్మలు చెప్పులు విప్పి ఎక్కేవారు. మలుపు రాగానే అందరూ కలిసి అవతలి పక్కకి ఒరిగేవారు. "ఇటెక్కువైపోయేం, ఇద్దరు అటు జరగండర్రా!" అని అరిచేవారు. నేను నవ్వితే మేస్త్రిగారు ఊరుకోలేదు. "నవ్వకు. బరువెటు పోతందో చూసుకుంటన్నారు. మంచి అలవాటే," అన్నారు.

ఆయన దగ్గర ఒక వింత పద్ధతి ఉండేది. ప్రతి చుట్టు ముందూ నావైపు తిరిగి, "ఏవైనా అడగాలా?" అనేవారు. అడగాల్సింది ఉంటే బండి కదలదు. ఒకసారి, ఆవిరి తెల్లగా ఎందుకుంటుందండీ అని అడిగాను. బండి నిండా జనం. ఆయన దిగి, నన్ను కూత గొట్టం దగ్గరికి పిలిచి, కూత వేశారు.

"తెలుపు ఎక్కడ మొదలైంది?"

"గొట్టానికి బెత్తెడు పైనండి."

"మరి ఆ బెత్తెట్లో ఏవుంది?"

"ఏం లేదండి."

"అదేనమ్మా ఆవిరి. తెల్లగా కనబడేది అప్పుడే చల్లారి నీళ్లయిపోయింది. బండిని లాగేది మనకి కనబడదు."

వెనక పెట్టెలోంచి ఎవరో, "ఏవండోయ్, పాఠాలు పొద్దుగూకేక చెప్పుకోండి!" అన్నారు. "ఆయ్, వస్తన్నావండి," అన్నారు ఆయన, ఏమాత్రం తొందరపడకుండా. నేను మాత్రం ఆ రోజంతా కూత వేసినప్పుడల్లా ఆ ఖాళీ వైపే చూశాను.

ఒక ఆదివారం ఊళ్లో పలుకుబడి ఉన్న పెద్దమనిషి కుటుంబంతో వచ్చాడు. రైలు నచ్చితే గోదావరి గట్టు పక్కన పార్కులో చోటు ఇప్పిస్తానని ముందే మాటిచ్చాడు. అక్కడైతే కోనసీమ పిల్లలందరూ వచ్చి ఎక్కుతారు. మేస్త్రిగారు ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదొక్కటే. తెల్లచొక్కా వేసుకుని వచ్చారు, ఇంజను పనికి ఎవరైనా తెల్లచొక్కా వేస్తారా! పొద్దుటి నుంచి బండి తిరుగుతూనే ఉంది. పెద్దమనిషి కుటుంబం ఎక్కింది, మిగతా పెట్టెల నిండా పిల్లలు. ఆయన అలవాటుగా నావైపు తిరిగారు.

"ఏవైనా అడగాలా?"

అడగాలి. కానీ ఆ చొక్కా చూసి నోరు రాలేదు. ఆయన చెయ్యి మీట మీదకి వెళ్లింది. అప్పుడు అనేశాను.

"పొద్దుట్నించీ తిరుగుతుంది కదండీ, ఇంజను నీళ్లు తాగలేదేంటండీ?"

బాయిలరులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూపించడానికి పక్కన గాజుగొట్టం ఉంటుంది. అందులో నీరు దిగితే ఆయన మళ్లీ నీళ్లు పెట్టేవారు. ఆ రోజు అది దిగనే లేదు, ఊగనూ లేదు. మేస్త్రిగారు గాజు వైపు చూశారు. పక్కనున్న చిన్న కుళాయి తిప్పారు. నీళ్లు రావలసిన చోట బుస్సుమని ఆవిరి వచ్చింది.

"మంట లాగెయ్. మొత్తం కిందకి లాగెయ్," అన్నారు నాతో, మెల్లగా. తర్వాత పెట్టెల వైపు తిరిగి గొంతు పెంచారు. "అందరూ దిగండి బాబూ. బాయిలర్లో నీళ్లు అడుగంటేయి. ఇలాగే నడిపితే పేలిపోద్ది. ఇయ్యాల బండి లేదు."

నెమ్మదిగా ఏదో వంక చెప్పొచ్చు. ఆయన చెప్పలేదు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. పెద్దమనిషి కారెక్కుతూ, "ఇంత ప్రమాదం పెట్టుకుని పిల్లల్నెలా ఎక్కిస్తన్నారండీ?" అన్నాడు. అతన్నీ తప్పుపట్టలేను. గట్టు పక్క చోటు రంగులరాట్నం వాళ్లకి పోయింది.

జనం పోయాక చల్లారుతున్న ఇంజను పక్కన ఇద్దరం కూర్చున్నాం.

"నేనడక్కపోతే బాగుండేదాండీ?" అన్నాను.

"పేలుంటే బాగుండేదా?" అని కసిరారు. తెల్లచొక్కా గుండీలు విప్పుకుంటూ, "బాధగానే ఉందమ్మా. లేదంటే అబద్ధం," అన్నారు. మర్నాడు గాజుగొట్టం విప్పితే బాయిలరులోకి పోయే దారి తెల్లటి గారతో పూర్తిగా మూసుకుపోయి ఉంది. మా వైపు బావుల్లో నీళ్లు ఉప్పన కదా, అదంతా పేరుకుంది. అందువల్ల గాజులో పాత నీళ్లే నిలిచిపోయాయి. ఆయన ఆ గారని గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నారు. "నువ్వూ చూడు, మన బావి ఉప్పే," అంటుంటే ఆ కళ్లలో బాధ లేదు.

తర్వాత ఆ రైలుకి జనం రావడం తగ్గిపోయింది. కొన్నేళ్లకి ఆయన పోయారు. నాకు అడగడానికి మనిషి లేకుండా పోయాడు. యాభై దాటాక పెద్దవాళ్ల బడిలో పలక పట్టాను. పంతులమ్మ, "సంతకం వస్తే చాలా అండి?" అంది. "సంతకం ఏం చేసుకోను, నాకు పుస్తకం కావాలి," అన్నాను. ఇప్పుడు చదువుతాను, మెల్లగా, వేలు పెట్టుకుని. ఒక వాక్యం అర్థం కాకపోతే తర్వాతి వాక్యానికి పోను. ఆ బడిలో మిగతావాళ్లు పాఠం ముగించి, సంచులు సర్దుకుని, "రావే మంగాయమ్మా, చీకటి పడతంది," అని గుమ్మంలోంచి పిలిచేవారు. మీరు పదండి అనేదాన్ని. నా వేలు ఆ వాక్యం మీదే ఉండేది.