తోటంతా నీలం

ఆ రోజుల్లో మా కోనసీమలో పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయి ఉద్యోగం సంగతి వీధిగుమ్మంలో అడిగి, మిగతావన్నీ కొబ్బరితోటలో తేల్చుకునేవారు. నాది అమలాపురంలో ఓ పత్రికకు వార్తలు రాసే ఉద్యోగం కనుక గుమ్మం దగ్గర సంభాషణ ఎక్కువసేపు సాగేది కాదు. భారమంతా తోట మీదే.

తొంభైల మధ్యలో మాట. రాజోలు వైపు ఓ అమ్మాయిని చూసి వచ్చాం. నాకు అమ్మాయి నచ్చింది; మా ఇంటికి పెద్దదిక్కయిన పెదనాన్నగారికి వాళ్ల మర్యాద నచ్చింది. వాళ్ల తోటలో దారి పొడవునా కొబ్బరిచెట్ల మొదళ్లకు పచ్చి ఆకుతో అల్లిన తడికలు చుట్టించారు. "చెట్లక్కూడా బట్టలు కట్టేరురా, అదీ సంస్కారవంటే" అని బస్సు దిగేదాకా చెబుతూనే ఉన్నారు.

వాళ్లు మా ఇల్లు చూడ్డానికి వస్తామని కబురు చేశాక, సరిగ్గా మా గేటు పక్క చెట్టుకే బంక తెగులు కనబడింది. చెట్టు మొదలు దగ్గర బెరడు పగిలి, బెల్లంపాకం లాంటి రసం కారుతోంది. (వేళ్లలో చేరిన బూజు పని అది. నేల కిందినుంచే పక్క చెట్టుకు పాకుతుంది. అందుకే మా వైపు దాన్ని చెట్టు జబ్బుగా కాక వంశం జబ్బుగా చూసేవారు.) మందు నాకు తెలుసు: మైలుతుత్తం, సున్నం విడివిడిగా నానబెట్టి కలిపితే బోర్డో పేస్టు. వ్యవసాయం పేజీకి ఆ వ్యాసం రాసింది నేనే. కలపడం మాత్రం అదే మొదలు. తీరా పూశాక ఆ ఒక్క చెట్టూ నీలంగా, గోడకుర్చీ వేసిన పిల్లాడిలా అందరికంటే ముందు కనబడసాగింది.

పెదనాన్నగారు ఆలోచించి, అన్నిటికీ పూసెయ్యమన్నారు, మనూరి పద్ధతనుకుంటారని. నడుం ఎత్తు వరకు తోటంతా నీలం. దారిన పోయేవాళ్లు ఏ పార్టీ అని ఆరా తీశారు.

పెళ్లివారొచ్చారు. అమ్మాయి మేనమామగారు ఓ చెట్టుకు జారబడి కాఫీ తాగి, తెల్లచొక్కా వీపు నిండా నీలంతో లేచారు. మాలో ఎవరమూ చెప్పలేదు. అమ్మాయి తండ్రిగారు మాత్రం ప్రతి చెట్టు దగ్గరా ఆగి గోటితో గీకి చూస్తున్నారు. ఆ పెచ్చులతోపాటు నా పెళ్లి కూడా రాలిపోతోందనుకుంటూ వెనకే నడిచాను.

"పేస్టు ఎవరు కలిపేరండీ?"

"మావాడేనండీ" అన్నారు పెదనాన్నగారు, గర్వపడాలో వద్దో తెలియక.

"నీళ్లెక్కువయ్యేయండీ, నిలవదు." ఆయన ఇటూ అటూ చూసి గొంతు తగ్గించారు. "అసలు జబ్బు ఏ చెట్టుకండీ?"

"గేటు పక్కదానికేనండీ... ఆయ్, ఒక్కటే."

"మాకు దారి పొడుగునా ఉందండీ. మీరొచ్చిన్నాడు తడికలు కట్టించింది అందుకేనండీ."

పెదనాన్నగారు ఆ సంస్కారాన్ని మరోసారి తలుచుకున్నట్టున్నారు. నవ్వడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఇద్దరూ అక్కడే గట్టు మీద కూర్చుని మైలుతుత్తం పాళ్ల గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో ఎక్కడో నా ముహూర్తం కుదిరింది.

మొన్న చెవి పక్కన నాలుగు తెల్లవెంట్రుకలేగా అనుకుంటూనే తలంతా రంగేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. మా ఆవిడ గుమ్మంలోంచి కాసేపు చూసి, అచ్చం వాళ్ల నాన్నగారిలా గొంతు తగ్గించి అడిగింది. "అసలు జబ్బు ఏ చెట్టుకండీ?"

ఈసారి తోటంతటికీనూ అన్నాను.