రాలేదని ఆగకూడని సందేశం

రిటైర్మెంటుకు కొన్నేళ్ళ ముందు, వానాకాలంలో నన్ను సూరత్‌కు బదిలీ చేశారు. బీమా సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో సిస్టమ్స్ మేనేజర్‌ని. విభాగంలో ఇద్దరం: నేనూ, సర్వరూ. ఏసీ దానికోసం. మా ఆవిడ ఉద్యోగం కాకినాడలో కావడంతో క్వార్టర్లో ఆ రెండోవాడు కూడా లేడు.

ఒక సోమవారం కొత్త డేటాబేస్ సర్వర్‌కి మారాం. కౌంటర్లలోని ప్రోగ్రాములన్నీ లాగిన్ దగ్గర ఆగిపోయాయి. తప్పేమీ చూపలేదు, ఊరికే ఎదురుచూస్తున్నాయి. కౌంటర్ గుమాస్తా హస్ముఖ్‌భాయ్, సర్వర్ కాస్త నెమ్మదిగా ఉందని జనానికి చెప్పి టీకి వెళ్ళాడు.

అందరూ వెళ్ళినా రాజమల్లు కదల్లేదు. ఊళ్ళోనే గోడాదరా పేటలో మరమగ్గాల కార్మికుడు. భార్యకు అపెండిక్స్ ముదిరింది. మా ఆమోదం అందితేగాని ఆపరేషన్ మొదలుపెట్టేది లేదన్నారట ఆసుపత్రివాళ్ళు. తలుపు మీద నా పేరు చూసి లోపలికి వచ్చాడు.

"సారూ, మీరు మనోళ్ళే గదా. గా మిషన్ దేనికోసం జూస్తున్నది?"

సర్వర్ ఏదో చెబుతుందని ఎదురుచూస్తోంది, అది చెప్పడం లేదన్నాను.

"గట్లయితే జర మీరే చెప్పుర్రి దానికి."

ఆ గదిలో నాతో తెలుగు మాట్లాడిన మొదటి మనిషి. కూర్చోమన్నాను.

ట్రేస్ తీశాను, అంటే రెండువైపులా నడిచిన సందేశాలను వరసగా చూశాను. ఈ సంభాషణకు ప్రోటోకాల్ అనే నియమావళి ఉంటుంది. లాగిన్ కుదిరాక 'సిద్ధం' అనే సందేశం సర్వర్ పంపి తీరాలి. నోటీసు సందేశం ఐచ్ఛికం, చెప్పేదుంటే పంపుతుంది. పాత సర్వర్ ప్రతి లాగిన్‌కీ ఏదో నోటీసు పంపేది. ప్రోగ్రాము రాసినాయన నియమావళి చదవకుండా, సర్వర్ అలవాటును చూసి రాశాడు. కొత్త సర్వర్‌కు చెప్పేదేమీ లేదు. వచ్చిన 'సిద్ధం'ను పక్కన పడేసి, మా ప్రోగ్రాము నోటీసు కోసం కూర్చుంది.

నడుస్తున్న ప్రోగ్రామును ముట్టుకోవాలంటే ప్రధాన కార్యాలయం రాతపూర్వక అనుమతి కావాలి. ఫోన్ చేశాను. ఒక కౌంటర్లో పెట్టి చూడు, ఉత్తరం వెనక వస్తుందన్నారు డీజీఎం గారు. 'సిద్ధం' రాగానే ముందుకు కదిలేలా, నోటీసు వస్తే చదివి సాగేలా మార్చాను. తెర తెరుచుకుంది. ఆసుపత్రికి ఆమోదం వెళ్ళింది.

కాసేపటికి రాజమల్లుకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. "లోపటికి తీస్కపోయిన్రంట," అన్నాడు. "ఆమె లేసినంక మీకు ఫోన్ జేస్త సారూ." నా నంబరు తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆసుపత్రి నుంచి డిశ్చార్జి సమాచారం వచ్చింది, కోలుకుందని. అది పంపడం వాళ్ళ విధి. రాజమల్లు ఫోన్ రాలేదు. అతనికి అలాంటి నియమం లేదు.

అవతలివాళ్ళు పంపి తీరాల్సిందేదో, ఇష్టమైతే పంపేదేదో ముందే తెలుసుకోవాలి. మొదటిదాని కోసం ఆగాలి. రెండోది వస్తే తీసుకోవాలి, రాకపోతే పని సాగించాలి. ప్రోగ్రాములకు ఇది ఒకసారి చెబితే సరిపోతుంది.