నాలుగో వరుసలో టీచర్

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, పిల్లకి లంచ్ బాక్స్ సర్దుతుంటే ఫోన్ మోగింది. నార్త్ కరోలినా నుంచి టీచర్ చెల్లెలు.

"అక్క పోయింది," అంది. "నిద్రలోనే. డాక్టర్ ఇప్పుడే వచ్చి వెళ్లాడు. ముందు నీకు చెబుతున్నాను. చర్చికి ఇంకా చెప్పలేదు."

ఆ తర్వాత నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ పెట్టేశాక ఆరేళ్ల మా అమ్మాయి, "ఎవరమ్మా?" అని అడిగింది. "టీచర్ పోయారే," అన్నాను. "నీ బేస్‌బాల్ టీచరా?" అంది. అవునన్నాను. నిజానికి ఆవిడ నాకు ఏ బళ్లోనూ చెప్పలేదు. ఆరేళ్లపాటు, వేసవి వచ్చిందంటే ప్రతి ఆదివారం మధ్యాహ్నం, బంతాట మైదానంలో నా పక్క సీట్లో కూర్చున్నారు. అంతే మా చుట్టరికం.

డెబ్బై తొమ్మిదిలో పెళ్లయి నార్త్ కరోలినాలో క్యారీకి వచ్చాను. మావారు రీసెర్చ్ పార్క్‌లో పనిచేసేవారు. మేమున్న అపార్ట్‌మెంట్ల చుట్టూ పైన్ చెట్లు, రోడ్డు, మళ్లీ పైన్ చెట్లు. నాకు డ్రైవింగ్ రాదు. మాట్లాడటానికి మనిషి లేక మెయిల్ తెచ్చే ఆయన వచ్చే వేళకి గుమ్మంలో నిలబడేదాన్ని. ఒకసారి మావారి ఆఫీసులో ఎవరో పక్క ఊళ్లో ఆడే చిన్న టీమ్ ఆటకి రెండు టికెట్లిచ్చారు. చెక్క బెంచీలు, రేకుల కప్పు, పెద్ద లీగ్‌లోకి వెళ్లాలని ఆశపడే ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల ఆట. మావారు క్రికెట్ మనిషి. "బంతికీ బంతికీ మధ్య ఒక కునుకు తీయొచ్చు," అని, అన్నట్టే రెండో ఇన్నింగ్స్‌కల్లా నిద్రపోయారు.

నాకేమీ అర్థం కాలేదు. మూడో బేస్ వైపు, నాలుగో వరుసలో, నా పక్కన ఒక నల్లావిడ కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. గడుల గడుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చిన్న చాకుతో పెన్సిల్ చెక్కుకుంటూ, ప్రతి బంతికీ ఏదో రాస్తోంది. నేను తొంగి చూడటం కనిపెట్టి పుస్తకం కాస్త ఇటు జరిపింది. "బంతి విసిరే పిచర్ ఒకటి. క్యాచర్ రెండు. ఫస్ట్ బేస్ మూడు," అని వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఆట అయ్యేసరికి మైదానంలో నిలబడే తొమ్మిది మంది నంబర్లూ నాకు వచ్చేశాయి. వెళ్లేటప్పుడు, "వచ్చే ఆదివారం అప్పజెప్పాలి," అంది. లెక్కల టీచర్ అని అప్పుడు తెలిసింది. నలభై ఏళ్లు అదే ఊళ్లో చెప్పి రిటైరయ్యారట.

అలా మరుసటి ఆదివారం వెళ్లాను. ఆ పై ఆదివారమూ వెళ్లాను. మావారు నన్ను గేటు దగ్గర దించి లైబ్రరీకి పోయేవారు.

బేస్‌బాల్ చూసేవాళ్లకి తెలుసు, అది సగం ఆట, సగం కబుర్లు. "ఆట నిదానంగా ఉందని వీళ్లంతా విసుక్కుంటారు. మనం మాట్లాడుకోవద్దూ మరి?" అనేవారు టీచర్. మా వరుసలో అందరూ అలాంటివాళ్లే. ఒకాయన కూతురి పురుళ్ల గురించి చెప్పేవాడు, ఇంకొకాయన ఫ్లోరిడాకి కారులో వెళ్లొచ్చిన ప్రయాణం మూడు ఆటలపాటు చెప్పాడు. నేను చేగోడీలు చేసి డబ్బాలో పట్టుకెళ్లేదాన్ని. మొదటిసారి టీచర్ ఒక చేగోడీ ఉంగరం వేలికి తొడుక్కుని, "అరవై ఆరేళ్లకి పెళ్లి కుదిరింది," అని వరుసంతటికీ చూపించారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే ఒక్కతే తొమ్మిదేళ్లు చూసుకున్నారు.

ఎప్పుడూ ఆ సీటే ఎందుకని ఒకసారి అడిగాను. ఆవిడ పెన్సిల్‌తో మైదానం అవతలి కొసన ఎండలో మాడుతున్న బెంచీలు చూపించారు. "నా చిన్నప్పుడు నల్లవాళ్లం అక్కడే కూర్చోవాలి. అక్కణ్నుంచి పిచర్ మొహం కనపడేది కాదు. ఇప్పుడు కనపడుతోంది, చూసుకుంటున్నాను," అన్నారు. ఆ మాట మామూలుగా అని, పెన్సిల్ మళ్లీ గడుల మీదికి తెచ్చారు.

ఆవిడ స్కోరు పుస్తకంలో గడుల పక్కన కాస్త ఖాళీ ఉండేది. అందులో మా కబుర్లు కూడా రాసేవారు, ఒకటి రెండు ముక్కల్లో. ఎందుకండీ అంటే, "గుర్తుండదు హనీ. గుర్తుందనుకుంటాం," అన్నారు.

ఎనభై ఒకటి వేసవిలో అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. బాపట్లలో అమ్మ పోయింది. ఉత్తరం నా చేతికి వచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయి పది రోజులైంది. అప్పుడు నాకు నాలుగో నెల. అంతకుముందు ఏడు ఒక కడుపు నిలవలేదు. "నీ స్థితిలో నువ్వు ఒక్కదానివీ ఏమైపోతావోనని టెలిగ్రామ్ ఇవ్వలేదు," అని రాశాడు అన్నయ్య. ఆదివారం రాగానే మావారితో, "నన్ను ఆటకి దించండి," అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూసి, కారు తాళాలు తీసుకున్నారు.

టీచర్‌తో చెప్పాను. చెప్పి, అమ్మ పోయిన తేదీ చెప్పి, "ఆ రోజు నేను ఇక్కడే ఉన్నానా?" అని అడిగాను. అది ఆదివారం. ఆవిడ పేజీలు వెనక్కి తిప్పారు. ఉన్నాను. లెక్క వేసుకుంటే, ఆట మొదలయ్యేసరికి అమ్మ పోయి ఆరు గంటలు. పక్కన ఖాళీలో ఆవిడ రాసినది చదివి వినిపించారు: "ఈ పిల్ల వాళ్లమ్మ వానకి వడియాలు ఎత్తిన కథ చెప్పింది. నవ్వుతూ రెండు బంతులు రాయడం మరిచాను."

ఎండలో కూర్చుని ఏడ్చాను. ఆవిడ తడి చేతిరుమాలు నా మెడ మీద వేశారు. కాసేపటికి నేను, "అన్నయ్యకి ఇక జన్మలో ఉత్తరం రాయను. కన్నతల్లి పోయిందని చెప్పకుండా దాచడానికి వాడెవడు?" అన్నాను.

టీచర్ పెన్సిల్ పక్కన పెట్టేశారు. "నేనూ ఆ పని చేశాను," అన్నారు.

అప్పుడు చెప్పారు. ఆవిడకి ఒక చెల్లెలు. తల్లి వద్దన్న మనిషిని చేసుకుని పద్దెనిమిదో ఏట వర్జీనియాలో రిచ్‌మండ్‌కి వెళ్లిపోయింది. తల్లి మంచాన ఉన్న తొమ్మిదేళ్లలో రెండే రెండుసార్లు వచ్చింది. తల్లి పోయిన రోజు టీచర్ ఆమెకి ఫోన్ చేయలేదు, ఉత్తరం రాసి పోస్టులో వేశారు. అది అందేసరికి పూడ్చిపెట్టడం అయిపోయింది. ఆ చెల్లెలు ఉత్తరం చేత్తో పట్టుకుని వచ్చి, వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే తిరిగి వెళ్లిపోయింది. పద్నాలుగేళ్లయింది, మళ్లీ మాటల్లేవు.

"పాపం మీ అన్న నిన్ను కాపాడాలని చేశాడు," అన్నారు టీచర్. "నేను అలా కాదు."

నాకు ఆ క్షణం ఆవిడ మీద వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తే. ఆ చెల్లెలు నేనే అనిపించింది. డబ్బా కూడా వదిలేసి లేచి వచ్చేశాను. తర్వాతి రెండు ఆదివారాలు అవతలి వైపు, ఫస్ట్ బేస్ దగ్గర కూర్చున్నాను. అక్కణ్నుంచి నాలుగో వరుస కనబడుతూనే ఉండేది. నా సీట్లో ఆవిడ తన సంచీ పెట్టుకుని, ఎవరైనా వస్తే తల అడ్డంగా ఊపేవారు.

మూడో ఆదివారం, ఆట మధ్యలో, పుస్తకం మూసేసి ఆవిడ లేచారు. మోకాళ్ల నొప్పులు. మైదానం చుట్టూ సగం తిరిగి నా దగ్గరికి రావడానికి ఒక ఇన్నింగ్స్ పట్టింది. కడిగి తుడిచిన చేగోడీల డబ్బా నా ఒళ్లో పెట్టారు.

"నీకు లైసెన్స్ వచ్చిందన్నావు కదూ?"

"ఏప్రిల్‌లో వచ్చిందండీ."

"నన్ను రిచ్‌మండ్ తీసుకెళ్తావా? బస్సులో వెళ్లగలను. కానీ మధ్యలో దిగి వెనక్కి వచ్చేస్తానని భయం."

తర్వాతి శనివారం వెళ్లాం. హైవే మీద అంత దూరం నేను నడపడం అదే మొదలు. ఆవిడ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, చేతిసంచీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. వర్జీనియా బోర్డు కనపడగానే, "ఇక్కడ తిప్పేయ్ హనీ. ఇంకోసారి వద్దాం," అన్నారు. నేను వినపడనట్టు పోనిచ్చాను. ఆవిడ మళ్లీ అనలేదు.

ఇరుకు వీధిలో ఇటుక ఇల్లు. టీచర్ తలుపు కొట్టారు. లోపలి తలుపు తీసి, దోమతెర తలుపు మాత్రం తీయకుండా ఒకావిడ నిలబడింది. అక్క మొహమే, కాస్త సన్నం. ఆమె చాలాసేపు చూసి అడిగింది:

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు," అన్నారు టీచర్. "ఎవరూ పోకముందే వచ్చాను."

"ఈ అమ్మాయి ఎవరు?"

"ఆటలో నా పక్కన కూర్చుంటుంది."

ఆమె నా పొట్ట వైపు చూసి లోపలికెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. వరండాలో కుర్చీ నాకు చూపించింది. అక్కకి చూపించలేదు. టీచర్ నిలబడే చెప్పారు. "అమ్మ పోయినప్పుడు నీ ఫోన్ నంబర్ నా దగ్గరే ఉంది. గోడ మీద రాసి ఉంది. ఫోన్ దగ్గర నిలబడి కూడా చేయలేదు. మరిచిపోయి కాదు. నువ్వు రాకూడదని చేయలేదు."

చెల్లెలు వరండా కమ్మీ పట్టుకుని వీధిలోకి చూస్తూ ఉండిపోయింది. "నాకు తెలుసు," అంది చివరికి. "నీ నోటితో అంటావా అని పద్నాలుగేళ్లు చూశాను."

అంతే. కౌగిలింతలు లేవు, ఏడుపులు లేవు. గ్లాసులు ఖాళీ అయ్యాక, "పొద్దు ఉండగానే బయల్దేరండి. ఈ అమ్మాయి ఒట్టి మనిషి కాదు," అంది. కారు దాకా రాలేదు. తిరుగుదారిలో రోడ్డు పక్క ఒక బండి దగ్గర పీచ్ పళ్లు కొన్నాం. టీచర్ గౌను మీద రసం పడకుండా ముందుకి వంగి నాలుగు పళ్లు తిన్నారు, పొద్దున్నుంచీ ఏమీ తిననట్టు. తిన్నాక, "మీ అన్నయ్యకి రాయి," అన్నారు.

రాశాను. నెల తర్వాత జవాబు వచ్చింది. "టెలిగ్రామ్ ఫారం నింపి కౌంటర్ దాకా వెళ్లి చింపేశానమ్మా. మూడుసార్లు చింపాను," అని రాశాడు అన్నయ్య. ఆ ఉత్తరం టీచర్‌కి తెలుగులోనే చదివి వినిపించి, తర్వాత అర్థం చెప్పాను. అర్థం చెప్పకముందే ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

రిచ్‌మండ్ నుంచి మాత్రం శీతాకాలమంతా ఏ కబురూ లేదు. మా అమ్మాయి పుట్టింది. మేలో మళ్లీ ఆటలు మొదలయ్యాయి. ఒక ఆదివారం, రెండు నెలల ముందే ఎండలు ముదిరిన రోజు, పెద్ద గడ్డి టోపీ పెట్టుకుని ఒకావిడ మా వరుసలోకి వచ్చి, "ఇక్కడెవరైనా కూర్చున్నారా?" అని టీచర్ సంచీ తీసి కింద పెట్టింది. చెల్లెలు. బస్సు దిగి నేరుగా మైదానానికే వచ్చింది. అక్క ఆదివారాలు ఎక్కడుంటుందో ఆమెకీ తెలుసన్నమాట. టీచర్ ఆమె వైపు చూడలేదు. "రెండు అవుట్లు. ఫస్ట్ బేస్ మీద మనవాడు," అన్నారు. ఆరో ఇన్నింగ్స్‌కల్లా ఇద్దరూ అంపైర్ గురించి పోట్లాడుకుంటున్నారు. ఆ రోజు పేజీ నేను చూశాను. సగం గడులు ఖాళీ.

అప్పట్నుంచి ప్రతి వేసవీ చెల్లెలు వచ్చి వారం రోజులుండేది. పోయినేడు మకాం పూర్తిగా అక్క దగ్గరికే మార్చేసింది.

ఎనభై అయిదులో మావారికి ఉద్యోగం మారి మేం దూరంగా ఉత్తరాన పార్సిప్పనీ వచ్చేశాం. ఇక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. వారాంతాల్లో పిలుపులూ, వంటలూ, పిల్లల డాన్సు క్లాసులూ. ఒంటరిదాన్నని అనలేను. అయినా ఆదివారం రెండు గంటలయ్యేసరికి, ఏ ఇంట్లో ఎవరి మధ్య కూర్చున్నా, నా ఎడమ పక్కన ఖాళీగా అనిపించేది. టీచర్ ఆట చూసిన పేజీలు పోస్టులో పంపేవారు. స్కోరు ఒకవైపు, కబుర్లు ఒకవైపు. "ఇవాళ నీ సీట్లో ఒక లాయరు కూర్చున్నాడు. మంచివాడే. చేగోడీలు తేలేదు." అలాంటివి. వాటిని చదువుతుంటే ఆ రేకుల కప్పు మీద వాన చప్పుడు వినపడేది.

చివరిసారి చూసింది పోయిన నవంబర్లో, థాంక్స్‌గివింగ్ సెలవులకి. కారులో వెళ్లాం. ఆవిడ చిక్కిపోయారు, మాట మాత్రం తగ్గలేదు. మా అమ్మాయి చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నారు. ఏడో ఎక్కంలో అది తడబడితే, "మీ అమ్మ కూడా షార్ట్‌స్టాప్ నంబర్ దగ్గర ఇలాగే ఆగేది," అన్నారు. సాయంత్రం బయల్దేరుతుంటే చలిలో బయటికి రావద్దని చెల్లెలు కేకలేసింది. వినలేదు.

మావారు కారు కదిలించాక వెనక్కి తిరిగి చూశాను. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు మధ్యకి వచ్చేశారు టీచర్. ఎండ ఎప్పుడో పోయింది. అయినా ఎత్తుకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో చూసేవాళ్లలా, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెడ కాస్త వెనక్కి వాల్చి, మా కారునే చూస్తూ నిలబడ్డారు. మేం మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి దించలేదు.